మందు పెట్టిన ఇల్లు

నేను సర్జరీలో పై చదువు ముగించే నాటికి అల్సరు ఆపరేషన్లు దాదాపు ఆగిపోయాయి. కడుపులో పుండుకు కారణం ఒక సూక్ష్మక్రిమి అని తేలింది, మంచి మాత్రలు వచ్చాయి. అంతకుముందు మా ప్రాంతంలో ఆ జబ్బు చాలా ఎక్కువగా ఉండేది. పుండు ముదిరి కడుపు కింది ద్వారం మూసుకుపోయేది. మధ్యాహ్నం తిన్నది సాయంత్రం కక్కుకుంటూ, ఎముకల గూడుగా మారి ఆస్పత్రికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు కడుపులో కొంత భాగం తీసేసి, మిగిలినదాన్ని నేరుగా పేగుకు కలిపి కుట్టేవారు.

చిక్కబళ్ళాపురలో నేను పనిచేసే ఆస్పత్రిని మొదలుపెట్టిన పెద్ద డాక్టరు అలాంటి ఆపరేషన్లు చాలా చేశారు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. చేతులు వణుకుతాయి కనుక కత్తి పట్టడం ఎప్పుడో మానేశారు. అయినా పొద్దున్నే వచ్చి, తన పాత గదిలో కూర్చుని పేపరు చదువుకుని, ఎండ ఎక్కకముందే ఇంటికి వెళ్తారు.

ఒకరోజు మండికల్ నుంచి ఒక పెద్దావిడ ఆయాసంతో వచ్చింది. గోళ్ళు, కనురెప్పల లోపలి భాగం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పొట్ట మీద పైనుంచి బొడ్డు దాకా పాత కోత గుర్తు. పెద్ద డాక్టరు చేసిన ఆపరేషనే. కడుపు కొంత తీసేసిన వాళ్ళలో ఏళ్ళు గడిచేకొద్దీ ఇనుము, కొన్ని విటమిన్లు ఒంటికి సరిగ్గా పట్టవు. రక్తం పలచబడుతుంది. ఆమెకు జరిగింది అదే. వయసు మీద పడిందనుకుని ఇంట్లోవాళ్ళు ఊరుకున్నారు.

ఆ సంగతి పెద్ద డాక్టరుకు చెప్పి, ఆపరేషన్ తర్వాత వీళ్ళను మళ్ళీ చూశారా అని అడిగాను. తిరిగి వచ్చిన వాళ్ళను చూశానని, రానివాళ్ళు బాగున్నారని అనుకున్నానని చెప్పారు. పేపరు మడిచి పక్కన పెట్టి అన్నారు: "బతికుండేవాళ్ళు ఎట్లుండారో పోయి చూడమ్మా. నాకు తెలుసుకోవాలని ఉండాది."

అలా నా ఆదివారాలు ఈ పనికి పోయాయి. పాత కాగితాలు ఎప్పుడో చెదలు పట్టిపోయాయి కాబట్టి అడ్రసులు లేవు. కానీ వాటితో పెద్దగా పనిపడలేదు. ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు ఒకరినొకరు మరిచిపోలేదు. మండికల్ ఆవిడ పేరేసంద్రలో హోటలు నడిపే ఒకాయన గురించి చెప్పింది. హైవే పక్కన చిన్న హోటలు. ఆయన భేషుగ్గా ఉన్నాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి రాళ్ళు తిన్నా అరిగిపోతున్నాయని చెప్పాడు. రక్తపరీక్షకు చెయ్యి చాపమంటే కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా. టీ ఇచ్చి, తన వార్డు రోజుల కబుర్లు చెబుతూ, తన పక్క మంచం మనిషి సంగతి తీశాడు. బాగేపల్లి అవతల పల్లె. సేద్యం చేసుకునే మనిషి.

"ఆపరేషన్ బాగనే అయినాదమ్మా ఆయప్పకి. తర్వాతే, పాపం, చింతామణిలో చుట్టాలింట్లో మందు పెట్టినారంట."

మందు పెట్టడమంటే మా వైపు అందరికీ తెలుసు. గిట్టనివాళ్ళు అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో అతుక్కుపోయి మనిషిని కొద్దికొద్దిగా తినేస్తుందని నమ్మకం. దాన్ని కక్కించే మనుషులూ ఉంటారు. చదువుకున్న ఇళ్ళలోనూ, కడుపులో ఏ బాధ వచ్చినా ముందు అడిగే మాట యాడన్నా తిన్నావా అనే. మా అమ్మ కూడా నన్ను చిన్నప్పుడు కొన్ని ఇళ్ళలో మంచినీళ్ళు కూడా తాగనిచ్చేది కాదు.

మరుసటి ఆదివారం బాగేపల్లి వెళ్ళాను. ఊరు దాటి, చిత్రావతి వంతెన తర్వాత మట్టిదారి పట్టి వెళ్తే ఆ పల్లె. టమాటా తోటకు ఆనుకుని ఇల్లు. ఆయనకు డెబ్బై దాటాయి. పొడుగ్గా, వెదురు గడలా ఉన్నాడు. పెద్ద డాక్టరు పంపారని చెప్పగానే లేచి నిలబడి, అరుగు మీద తువ్వాలు పరిచి కూర్చోమన్నాడు. ఆ తర్వాత మాట్లాడింది దాదాపు అంతా ఆయన భార్యే.

ఆపరేషన్‌కు ముందు నొప్పి తట్టుకోలేక ఆయన గొంతులో వేళ్ళు పెట్టుకుని తానే కక్కుకునేవాడట. ఆపరేషన్‌తో ఆ నొప్పి పోయింది. మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు. ఆ లెక్కన చూస్తే మా పుస్తకాల ప్రకారం ఇది మంచి ఫలితం. కానీ నాలుక నున్నగా, ఎర్రగా ఉంది. పాదం మీద పెన్ను మొనతో నొక్కితే ఆయనకు తెలియలేదు. ఈ మధ్య అరికాలిలో ముల్లు విరిగితే, చీము పట్టి వాసన వచ్చాక భార్య చూసిందట. ఇది రక్తహీనతతో ఆగే వ్యవహారం కాదని అర్థమైంది. బి-పన్నెండు విటమిన్ ఏళ్ళ తరబడి అందక నరాలు మొద్దుబారాయి. మొదటి ఇంజెక్షన్ అక్కడే ఇచ్చాను.

ఏమి తింటారని అడిగాను. పొద్దున కొంచెం, మధ్యాహ్నం సగం రాగిముద్ద, రాత్రి కొంచెం. తీపి ముట్టడు. బయట ఎక్కడా తినడు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా అక్షింతలు వేసి వచ్చేస్తాడు. ఎందుకని అడిగితే ఆయన తోట వైపు చూశాడు. భార్య చెప్పింది.

ఆపరేషన్ అయిన మరుసటేడు చింతామణిలో ఆయన చెల్లెలి బిడ్డకు నామకరణం. ఆయనకు ఒక్కతే చెల్లెలు. చెల్లెలి అత్తగారింట్లో బొరుగులు వేయించే బట్టీ ఉండేది, కలిగిన ఇల్లు. ఎన్నో ఏళ్ళు అన్నానికి మొహం వాచిన మనిషి, ఇప్పుడు ఏది తిన్నా కడుపులో నిలుస్తోందన్న సంబరంతో మొదటి బంతిలోనే కూర్చున్నాడు. చావు తప్పి బయటపడ్డ మనిషని చెల్లెలి అత్త తానే స్వయంగా వడ్డించింది. పాయసం అడిగి మరీ రెండోసారి పోసింది. ఆ పైన నెయ్యి వేసి ఒబ్బట్లు. ఆకు ముందు నుంచి లేవకముందే ఆయనకు ఒళ్ళంతా చెమట పట్టింది. గుండె దడదడా కొట్టుకుంది. కడుపు మెలిపెట్టి, కళ్ళు తిరిగి ఆకు పక్కనే పడిపోయాడు.

కాసేపటికి తేరుకున్నాడు. కానీ ఈలోపే ఆయన తల్లి గట్టిగా కేకలు పెట్టి, నా కొడుక్కి ఏం పెట్టినారని ఆ అత్తను అందరి ముందూ అడిగేసింది. తొలి కాన్పుకు కూతుర్ని పుట్టింటికి పంపలేదని ఆమె మనసులో అప్పటికే కోపం ఉంది. అప్పటికప్పుడు కొడుకును బస్సెక్కించి తీసుకొచ్చేసింది. బండి కట్టించి మందు కక్కించే మనిషి దగ్గరికి తీసుకుపోయింది. అతను ఏదో ఆకు పసరు తాగించి కక్కించాడు. అయినా ఆ తర్వాత ఎప్పుడు తీపి తిన్నా, కొంచెం ఎక్కువ తిన్నా ఆయనకు అదే చెమట, అదే దడ. మందు ఇంకా లోపలే ఉందని అందరూ తేల్చేశారు. చింతామణి ఇల్లు మందు పెట్టిన ఇల్లయింది. చెల్లెలు ఒకసారి మాట్లాడదామని వస్తే తల్లి గడప దాటనివ్వలేదు. తల్లి చనిపోయినప్పుడు వచ్చి, బయటే నిలబడి చూసి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

అంతా విని, అది మందు కాదని చెప్పాను. మామూలు మనిషికి తిన్నది కడుపులో కొంతసేపు నిలిచి, కొద్దికొద్దిగా పేగులోకి దిగుతుంది. ఈయనకు ఆ ద్వారం లేదు. తిన్నది నేరుగా పేగులో పడుతుంది. తీపి పడితే పేగు రక్తంలోని నీటిని ఒక్కసారిగా లాక్కుంటుంది. అందుకే చెమట, దడ. ఈ ఆపరేషన్ అయిన వాళ్ళలో కొందరికి ఇలా జరుగుతుంది. కొందరిలో కొన్నాళ్ళకు తగ్గుతుంది, కొందరిలో తగ్గదు. అన్నంతో పాటు నీళ్ళు తాగకుండా, తిన్నాక కాసేపు పడుకుంటే చాలు.

ఆయన "అట్లనా అమ్మా" అన్నాడు. నమ్మలేదని ఆ గొంతులోనే తెలిసింది. భార్య నాకు తోటలోని టమాటాలు సంచి నిండా ఇచ్చింది.

ఇంజెక్షన్లు బాగేపల్లిలోనే ఒక నర్సు ఇచ్చేట్టు ఏర్పాటు చేశాను. రక్తం కొంచెం పట్టాక చిక్కబళ్ళాపురకు రమ్మన్నాను. మిగిలిన కడుపులో ఏళ్ళ తర్వాత క్యాన్సరు వచ్చే అవకాశం ఉంటుంది కనుక ఒకసారి ట్యూబు వేసి చూడాలి. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. లోపల శుభ్రంగా ఉంది. కుట్టు వేసిన చోటు ఇప్పటికీ చక్కగా కనిపించింది. ఆ మాట చెబితే పెద్ద డాక్టరు మొహంలో కొంచెం వెలుగు వచ్చింది.

భార్యాభర్తలు వెళ్ళిపోతారనుకున్నాను. ఆ రైతు కదల్లేదు. బల్ల అంచు పట్టుకుని అడిగాడు: "ఆ పొద్దు ఇంటికాడ ఒక మాట చెప్పినావు గదమ్మా. అది తెలిసేదెట్ల?"

తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గ్లూకోజు నీళ్ళు తాగించి, నాడి, రక్తపోటు చూస్తూ కూర్చోవడమే. మందు మాత్రలతో పనిలేదు. కానీ ఆ వయసు మనిషికి తెలిసి తెలిసి ఆ బాధ తెప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. పెద్ద డాక్టరును అడిగాను. అడుగుతున్నది ఆయనే కదా, చెయ్యి, నేను పక్కన కూర్చుంటాను అన్నారు.

అప్పుడు ఆ రైతు ఒక షరతు పెట్టాడు. గ్లూకోజు ఆస్పత్రిది వద్దు. తన భార్యే రోడ్డు అవతల మందుల షాపులో పొట్లం కొని తేవాలి, ఆమే కలపాలి. నన్ను శంకిస్తున్నాడని నాకు అనిపించలేదు. ఇందులో ఇంకెవరి చెయ్యీ పడకూడదని ఆయన ఉద్దేశం. ఆమె వెళ్ళి తెచ్చింది. వాళ్ళు తెచ్చుకున్న సీసాలోని నీళ్ళే గ్లాసులో పోసి, కలిపి, మొగుడి చేతికిచ్చింది.

తాగి మంచం మీద కూర్చున్నాడు. కొంతసేపు ఏమీ లేదు. భార్య ఊరి సంగతులేవో చెబుతోంది. తర్వాత ఆయన మాటకు బదులివ్వడం మానేశాడు. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా లేచింది. నా వేళ్ళ కింద నాడి పరుగెత్తింది. పడుకోబెట్టాను. మొహం పాలిపోయి, పొట్ట పట్టుకుని, కళ్ళు మూసుకునే "ఇదే" అన్నాడు.

భార్య చేతిలో ఖాళీ గ్లాసు ఇంకా ఉంది. "ఆ పొద్దు కూడా ఇట్లే అయినాదమ్మా. ఇట్లే పడిపొయినాడు," అంది. ఆ తర్వాత గోడకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దడ తగ్గి, చెమట ఆరాక ఆయన లేచి కూర్చున్నాడు. పెద్ద డాక్టరు ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టారు. "నేను చేసిన ఆపరేషన్ వల్లనే ఇదప్పా. ఇంటికి పంపేటప్పుడు ఇట్లయితాదని నేను చెప్పుండాల."

"చెప్పే ఉంటావులేప్పా," అన్నాడు ఆయన. "నేనే ఇని ఉండను. ఆకలి మీద ఉంటిని."

చెప్పారో లేదో పెద్ద డాక్టరుకు గుర్తు లేదు. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు నన్నే అడిగారు, చెప్పే ఉంటానంటావా అని.

నా పుట్టిల్లు చింతామణి. ఆ చెల్లెలి ఇల్లు మా వీధికి అంత దూరమేమీ కాదు. ఈసారి అక్కడికి వెళ్ళినప్పుడు ఆమెకు ఈ సంగతి చెప్పమని రైతు అడిగాడు. తాను వెళ్తే గడప ఎక్కనివ్వరన్నాడు. ఇది డాక్టరు పని కాదని నాకు తెలుసు. కానీ పరీక్ష చేసింది నేను. అందులో ఏం తేలిందో చెప్పాల్సిన చోట చెప్పకుండా ఉండటం కూడా బాగుండదనిపించింది.

అది అనపకాయల కాలం, మా వైపు గింజ చిక్కుళ్ళకు అదే పేరు. ఆమె వరండాలో చేట ముందు కూర్చుని గింజలు ఒలుస్తోంది. అరవై దాటిన మనిషి. అన్న పోలికే, పొడుగు. బట్టీ ఎప్పుడో మూతపడింది. ఇల్లు మాత్రం పాతదే. ఎవరి అమ్మాయినో చెప్పుకుంటే కూర్చోమంది. వచ్చిన పని చెప్పాను. ఆపరేషన్ గురించి, గ్లూకోజు నీళ్ళ గురించి, వదినే కలిపి ఇవ్వడం గురించి. ఆమె ఒలవడం ఆపలేదు. అంతా అయిపోయాక ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇది ఆ డాక్టర్లకి అప్పుడే తెలుసునా?"

తెలుసన్నాను.

"నాకూ ఆ పొద్దే తెలుసు," అంది. "మా అత్త అట్లా మనిషి గాదని. నన్నెవురూ అడగలేదు."

అప్పుడు చేట పక్కకు జరిపి తన అత్త గురించి చెప్పింది. ఆ నామకరణం తర్వాత ఆ ముసలామె ఎవరికీ తన చేత్తో వడ్డించలేదట. వండేది. గిన్నెలు తెచ్చి పెట్టేది. వడ్డించేటప్పుడు మాత్రం లోపలికి వెళ్ళిపోయేది. మనవళ్ళకు కూడా కలిపి పెట్టలేదు. చుట్టాల పెళ్ళిళ్ళలో ఆమెను వంటల వైపు ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ఆమె కూడా వెళ్ళేది కాదు. దూరంగా కూర్చుని తాంబూలాలకు ఆకులు తుడిచేది. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కోడలిని కూడా ఏమీ అనలేదు. మంచం పట్టినప్పుడు మాత్రం, మీ అన్న బాగుండాడా అని అడిగేదట.

"ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సింది ఆయమ్మకి. ఆయమ్మ పోయినాది."

నేను లేవబోతుంటే ఆపింది. ఆమె గొంతులో కోపం లేదు. చాలా కాలం కిందటే నిర్ణయించుకున్న మాటలా చెప్పింది. "మా అన్నకి చెప్పు. నా కాడికి రానక్కర్లేదు. ముందు వాళ్ళ ఊర్లో నలుగురిలో నిలబడి చెప్పమను. ఆ మాట పుట్టింది ఆడ గదా."

ఆ మాట అలాగే చేరవేశాను. ఆయన తల ఊపాడు. తరువాత జరిగింది నేను చూడలేదు. రక్తపరీక్షకు ఆయనను తీసుకొచ్చినప్పుడు భార్య చెప్పింది.

ఒకరోజు పొద్దున పాల డెయిరీ దగ్గర, ఊరంతా క్యాన్లు పట్టుకుని నిలబడి ఉండగా ఆయన చెప్పాడట. ఆ రోజు చింతామణిలో నాకు ఎవరూ ఏమీ పెట్టలేదు, అది నా ఆపరేషన్ వల్ల వచ్చింది, చిక్కబళ్ళాపుర ఆస్పత్రిలో నా పెళ్ళాం కలిపిచ్చిన నీళ్ళు తాగినా అట్లే అయింది, మా చెల్లెలి అత్త మంచి మనిషి అని. అంతకుముందు నలుగురిలో అంత పొడుగు మాట ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. పాలు కొలిచే అతను కొలవడం ఆపాడు. తర్వాత ఆయన వయసువాడే ఒకతను, ఆ రోజుల్లో మందు కక్కించే మనిషి దగ్గరికి బండి తోలినవాడు, భుజం మీద చెయ్యి వేసి అన్నాడట: "అదంతా మేమెప్పుడు నమ్మినామప్పా? మీ అమ్మ ఏదో కోపంలో అనింటాది."

మిగిలినవాళ్ళు కూడా, అవును, మేమూ నమ్మలేదన్నారు. పాలు కొలవడం మళ్ళీ మొదలైంది.

ఇంటికి వచ్చి ఆయన ఆ రోజంతా తోటలోనే ఉన్నాడని భార్య చెప్పింది. "నమ్మకపొయ్యుంటే ఇన్నేండ్లు ఎవురన్నా ఒక మాట చెప్పుండొచ్చు గదా" అని సాయంత్రం ఒక్క మాట అన్నాడట.

ఆ సంగతి చింతామణికి ఎవరు చేర్చారో తెలియదు. నేను కాదు. బాగేపల్లి సంతకు వచ్చిపోయేవాళ్ళు ఎవరో చెప్పి ఉంటారు. ఎండలు ముదిరే వేళకు చెల్లెలు మనవడి బండి మీద కూర్చుని అన్న ఊరికి వచ్చిందని ఆయన భార్యే తర్వాత చెప్పింది. నేరుగా ఇంటికి వెళ్ళకుండా డెయిరీ దగ్గర దిగి, ఊరి మధ్య దారి వెంట నడిచి వెళ్ళింది. అన్న బయటికి వచ్చాడు. చెల్లెలిని లోపలికి తీసుకెళ్ళాడు. వదిన ముద్ద కెలికి, ఉలవచారు చేసింది. అన్నకు చెల్లెలే వడ్డించింది. సగం ముద్దే పెట్టింది. పక్కన నీళ్ళ చెంబు పెట్టబోతే వదిన ఆపి, ఆయన తినేటప్పుడు నీళ్ళు తాగడని చెప్పింది. తిన్నాక ఆయన అక్కడే చాప మీద పడుకున్నాడు. చెల్లెలు కూర్చుని, ఆయన లేచేదాకా చూసింది.

వాళ్ళు ఇప్పుడు రాకపోకలు పెట్టుకున్నారు. ఎక్కువగా కాదు. చింతామణి ఇంట్లో పుట్టిన పిల్లలు కొందరికి ఇంకా ఈ మామ ఎవరో సరిగ్గా తెలియదు. చెల్లెలి భర్త పలకరిస్తాడు గానీ ఎదురుగా కూర్చోడు. తన తల్లి సంగతి ఆయన మరిచిపోలేదు. మరిచిపోవాలని ఎవరూ ఆయనను అడగలేదు.

రైతుకు రక్తం మామూలు స్థాయికి వచ్చింది. నాలుక బాగుపడింది. కాళ్ళలో స్పర్శ పాదాల దాకా తిరిగి వచ్చింది గానీ వేళ్ళలో రాలేదు. అన్నేళ్ళు విటమిన్ అందని నరం పూర్తిగా కోలుకోదని చెప్పాను. చెప్పులు లేకుండా తోటలోకి వెళ్ళొద్దన్నాను. వెళ్తూనే ఉన్నాడని భార్య ఫిర్యాదు.

పెద్ద డాక్టరు ఇదంతా విని, ఇంకా ఎవరున్నారు అని అడిగారు. చింతామణి దారిలో ఒక పల్లెలో ఒకావిడ ఉందని పేరేసంద్ర హోటలాయన కబురు పంపాడని చెప్పాను. ఈసారి తానూ వస్తానన్నారు. మోకాళ్ళ నొప్పుల వల్ల కారు ఎక్కడం కష్టమైంది. ముందు సీటు వెనక్కి జరిపి, కాలు మెల్లగా లోపల పెట్టి, బయలుదేరాం.